కొక్కెర తెగులు వైరస్‌తో క్యాన్సర్ చికిత్స: అవకాశాలు, పరిమితులు

సారాంశం

కోళ్లకు కొక్కెర తెగులు కలిగించే న్యూకాసిల్ వ్యాధి వైరస్ మానవ క్యాన్సర్ కణాలను ఎంపికగా నాశనం చేయగలదని 1960వ దశకం నుండి జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ వైరస్ క్యాన్సర్ కణంలో వృద్ధి చెంది, ఆరోగ్యవంతమైన కణంలో ఆగిపోవడానికి గల కారణాలు, మానవులపై జరిగిన ప్రయోగాల ఫలితాలు, చికిత్సకు ఎదురవుతున్న అవరోధాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. వైరస్ కణితిలో వ్యాపించే శక్తి, కోళ్లలో వ్యాధి కలిగించే తీవ్రత రెండూ ప్రధానంగా ఒకే ప్రోటీన్‌లోని ఒక చిన్న భాగంపై ఆధారపడి ఉన్నాయి. అందువలన ఏ రకం వైరస్‌ను చికిత్సకు ఎంచుకోవాలన్నది మానవ వైద్యశాస్త్రం, పశువైద్యశాస్త్రం కలిసి నిర్ణయించవలసిన విషయం.

ఉపోద్ఘాతం

కోళ్ల పెంపకందారులకు అధిక నష్టం కలిగించే వ్యాధులలో కొక్కెర తెగులు ముఖ్యమైనది. 1926లో ఇండోనేషియాలోని జావా ద్వీపంలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణ పరిసరాలలోను ఈ వ్యాధిని గుర్తించారు. ఆ పట్టణం పేరే వ్యాధికి స్థిరపడింది. మన దేశంలో కుమావూ కొండలలోని రాణిఖేత్ వద్ద వెలుగులోకి వచ్చినందున దీనిని రాణిఖేత్ వ్యాధి అని కూడా వ్యవహరిస్తారు. వ్యాధి సోకిన కోళ్లు మేత మాని, రెక్కలు వాల్చి, నోరు తెరిచి కష్టంగా శ్వాస తీసుకుంటాయి. పచ్చని విరేచనాలు, మెడ మెలితిరగడం, కాళ్లు, రెక్కలు చచ్చుపడటం, గుడ్ల ఉత్పత్తి హఠాత్తుగా పడిపోవడం ప్రధాన లక్షణాలు. టీకా వేయని మందలో తీవ్రమైన రకం వైరస్ ప్రవేశిస్తే కోళ్లన్నీ మరణించే ప్రమాదం కూడా ఉంది.

కోళ్లకు ఇంత ప్రాణాంతకమైన ఈ వైరస్ మనుషులకు సాధారణంగా పెద్ద హాని చేయదు. టీకాలు వేసే సిబ్బందికి, ప్రయోగశాలలలో పనిచేసే వారికి కంటిలో వైరస్ పడితే కండ్లకలక వచ్చి కొద్ది రోజులలో తగ్గిపోతుంది. రోగనిరోధక శక్తి బాగా క్షీణించిన వారిలో మాత్రం ఇదే జాతికి చెందిన పావురాల వైరస్ తీవ్ర వ్యాధి కలిగించిన అరుదైన సందర్భాలు నమోదయ్యాయి.

క్యాన్సర్ కణాలలో ప్రవేశించి, వృద్ధి చెంది, వాటిని నాశనం చేసే వైరస్‌లను కణితి నాశక వైరస్‌లు అంటారు. మానవ వైరస్‌లను ఇందుకు వాడినపుడు రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది, ఆ వైరస్ రోగికే వ్యాధి కలిగించవచ్చు. రెండవది, రోగి శరీరంలో ఆ వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ముందే ఉండవచ్చు. పశుపక్ష్యాదుల వైరస్‌ల విషయంలో ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి. అయితే వీటిలో మూడవ ఇబ్బంది ఒకటి ఉన్నది. చికిత్స పొందిన మనిషి నుండి వైరస్ తిరిగి పశువులకు, కోళ్లకు చేరే అవకాశమే అది.

చారిత్రక నేపథ్యం

వైరస్‌లకు, కణితులకు మధ్య సంబంధాన్ని వైద్యులు మొదట యాదృచ్ఛికంగా గమనించారు. ఇటలీకి చెందిన వైద్యుడు నికోలా డి పేస్, కుక్కకాటు తరువాత రేబిస్ టీకా తీసుకున్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగిలో కణితి తగ్గిన విషయాన్ని 1912లో వెల్లడించాడు. ఆ కాలపు రేబిస్ టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉండేది. 1950వ దశకంలో అమెరికాలో వెస్ట్ నైల్ వైరస్‌ను క్యాన్సర్ రోగులకు ఎక్కించి చూశారు. కొందరిలో కణితులు తాత్కాలికంగా తగ్గినా, మరికొందరికి మెదడువాపు వచ్చింది. మనిషికి హాని చేయని వైరస్ కోసం అన్వేషణ సాగడానికి ఇటువంటి అనుభవాలు దారితీశాయి.

ఈ అన్వేషణలో కొక్కెర తెగులు వైరస్‌కు స్థానం కల్పించిన వారు అమెరికా శాస్త్రవేత్తలు విలియం కాసెల్, గారెట్. వారు ఈ వైరస్‌ను ఎలుకల కణితి కణాలలో పదేపదే పెంచి, ఆ కణాలకు అలవాటుపడిన రకాన్ని రూపొందించారు. 73 సార్లు ఇలా పెంచినందున దానికి 73-టి అని పేరు వచ్చింది. దీని ఫలితాలు 1965లో ప్రచురితమయ్యాయి. తరువాతి కాలంలో కాసెల్ బృందం ఇదే రకాన్ని చర్మ క్యాన్సర్ కణాలలో పెంచి, పగిలిన కణాల సారాన్ని మెలనోమా రోగులకు టీకా వలె ఇచ్చింది.

1971లో హంగరీకి చెందిన వైద్యుడు లాస్లో చతారి, ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌తో బాధపడుతున్న ఒక కోళ్ల రైతు ఉదంతాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. రైతు మందకు కొక్కెర తెగులు సోకిన తరువాత అతని కణితి అనూహ్యంగా తగ్గింది. ఒకే ఒక్క రోగి విషయంలో జరిగిన మార్పుకు వైరస్సే కారణమని నిర్ధారించలేము. క్యాన్సర్ కణితులు చికిత్స లేకుండా తగ్గడం అరుదుగానైనా జరుగుతుంది. అయినప్పటికీ ఈ పరిశీలన అనేక ప్రయోగాలకు ప్రేరణ అయింది.

వైరస్ నిర్మాణం

కొక్కెర తెగులు వైరస్ పారామిక్సో వైరస్ కుటుంబానికి చెందినది. దీని జన్యుపదార్థం సుమారు 15,200 న్యూక్లియోటైడ్‌లు గల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. ఇందులో ఆరు ప్రధాన జన్యువులు ఉన్నాయి. వైరస్ ఉపరితలంపై రెండు ప్రోటీన్‌లు ఉంటాయి. మొదటిది హెచ్‌ఎన్ ప్రోటీన్. ఇది జీవకణం పైపొరపై ఉండే సియాలిక్ ఆమ్లానికి అతుక్కుంటుంది. రెండవది ఎఫ్ ప్రోటీన్. ఇది వైరస్ పొరను కణపు పొరతో కలిపి, ఆర్‌ఎన్‌ఏ లోపలికి ప్రవేశించడానికి మార్గం ఏర్పరుస్తుంది.

ఈ వైరస్ కణద్రవంలోనే వృద్ధి చెందుతుంది. దాని ఆర్‌ఎన్‌ఏ మనిషి కణంలోని డీఎన్‌ఏతో కలిసిపోదు. అందువలన చికిత్సకు వాడిన వైరస్ రోగి వంశానుగత పదార్థంలో నిలిచిపోతుందన్న భయం లేదు.

క్యాన్సర్ కణాలనే ఎంచుకొనే విధానం

సియాలిక్ ఆమ్లం దాదాపు అన్ని కణాలపైనా ఉంటుంది. కనుక ఈ వైరస్ ఆరోగ్యవంతమైన కణానికి, క్యాన్సర్ కణానికి కూడా అతుక్కోగలదు. తేడా కణం లోపల ప్రవేశించిన తరువాత కనిపిస్తుంది.

ఆరోగ్యవంతమైన మానవ కణం తనలోకి వచ్చిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెంటనే గుర్తించి ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. ఇది ఆ కణాన్ని, చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేసి వైరస్ వృద్ధిని అణచివేస్తుంది. కోడి కణాలలో వైరస్‌కు చెందిన వి ప్రోటీన్ ఈ ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థను అడ్డుకుంటుంది. మానవ కణాలలో మాత్రం ఆ ప్రోటీన్ సమర్థంగా పనిచేయదు. కోడిలో విజృంభించే వైరస్ మనిషిలో అణగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇంటర్‌ఫెరాన్ వైరస్‌లను అడ్డుకోవడంతో పాటు కణవిభజనను కూడా నియంత్రిస్తుంది. అదుపులేకుండా విభజన చెందే క్యాన్సర్ కణాలలో అనేకం ఈ వ్యవస్థను కోల్పోయి ఉంటాయి. దాని ఫలితంగా వాటి ఎదుగుదలకు అడ్డు తొలగుతుంది. అదే సమయంలో వైరస్ నుండి రక్షణ కూడా పోతుంది. కణితి పెరుగుదలకు తోడ్పడిన లోపమే వైరస్ ప్రవేశానికి వీలు కల్పిస్తుంది.

దెబ్బతిన్న కణాలు తమంతట తాము మరణించే ఏర్పాటు కూడా క్యాన్సర్ కణాలలో బలహీనంగా ఉంటుంది. మామూలు కణం వైరస్ సోకిన వెంటనే మరణించి దాని వృద్ధిని అరికడితే, క్యాన్సర్ కణం ఎక్కువసేపు బ్రతికి వైరస్ సంతతి పెరగడానికి సమయమిస్తుంది. చివరకు కణం నశించి, వెలువడిన వైరస్‌లు పక్క కణాలకు సోకుతాయి.

చికిత్సా ఫలితంలో రెండవ దశ ఇంకా ముఖ్యమైనదని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. పగిలిన క్యాన్సర్ కణాల నుండి వెలువడే ప్రోటీన్‌లను శరీర రోగనిరోధక వ్యవస్థ గుర్తిస్తుంది. అప్పటివరకు కణితిని పట్టించుకోని టి-కణాలు దానిపై దాడి చేయడం నేర్చుకుంటాయి. దీనివలన వైరస్ చేరని కణితులు కూడా తగ్గే అవకాశం ఏర్పడుతుంది.

వైరస్ రకాలు - ఎఫ్ ప్రోటీన్ పాత్ర

కోళ్లలో కలిగించే తీవ్రతను బట్టి ఈ వైరస్‌ను మూడు తరగతులుగా విభజిస్తారు. పిండం పెరుగుతున్న కోడిగుడ్డులోకి వైరస్‌ను ఎక్కించినపుడు పిండం మరణించడానికి పట్టే సగటు కాలం ఇందుకు ఒక కొలమానం.

1. లెంటోజెనిక్ రకాలు: 90 గంటలకు పైగా పడుతుంది. కోళ్లలో వ్యాధి స్వల్పం. లసోటా, ఎఫ్-1, హిచ్‌నర్ బి-1 టీకా రకాలు ఈ తరగతివి.

2. మీసోజెనిక్ రకాలు: 60 నుండి 90 గంటలు పడుతుంది. ముక్తేశ్వర్‌లో రూపొందిన ఆర్2బి టీకా రకం ఇందులోనిది.

3. వీలోజెనిక్ రకాలు: 60 గంటలలోపే పిండం మరణిస్తుంది. మందలలో సామూహిక మరణాలకు ఇవే కారణం.

ఈ తేడాకు మూలం ఎఫ్ ప్రోటీన్‌లో ఉన్నది. ఈ ప్రోటీన్ ఒక నిర్ణీత స్థానంలో తెగితేనే పనిచేస్తుంది. లెంటోజెనిక్ రకాలలో దానిని తెంపగల ట్రిప్సిన్ వంటి ఎంజైమ్‌లు కోడి శ్వాసనాళంలో, ప్రేగులలో మాత్రమే లభిస్తాయి. అందువలన వ్యాధి ఆ భాగాలకే పరిమితమవుతుంది. తీవ్రమైన రకాలలో ఆ స్థానం వద్ద ఆర్జినిన్, లైసిన్ అనే క్షార గుణం గల ఎమినో ఆమ్లాలు అధికంగా ఉంటాయి. అటువంటి స్థానాన్ని ఫ్యూరిన్ అనే ఎంజైమ్ తెంపగలదు. ఫ్యూరిన్ దాదాపు అన్ని కణాలలో ఉన్నందున వైరస్ మెదడుతో సహా శరీరమంతటా వ్యాపిస్తుంది. 113 నుండి 116 వరకు గల స్థానాలలో కనీసం మూడు క్షార ఎమినో ఆమ్లాలు, 117వ స్థానంలో ఫినైల్‌అలనిన్ ఉంటే ఆ వైరస్‌ను ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ తీవ్రమైనదిగా పరిగణిస్తుంది.

కణితిలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. లెంటోజెనిక్ రకం సోకిన క్యాన్సర్ కణం నశించినా, దాని నుండి వెలువడే వైరస్‌లలో ఎఫ్ ప్రోటీన్ తెగి ఉండదు కనుక అవి పక్క కణాలకు సులభంగా సోకలేవు. మీసోజెనిక్ రకాలలో ఎఫ్ ప్రోటీన్ కణంలోనే తెగుతుంది కనుక వైరస్ ఒక కణం నుండి మరొక కణానికి పాకుతూ కణితిలో విస్తరిస్తుంది. కణితిపై ఎక్కువ శక్తి గల రకాలే కోళ్లకు ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

మానవులపై జరిగిన ప్రయోగాలు

పివి701 అనే రకాన్ని అమెరికాలో 79 మంది ముదిరిన క్యాన్సర్ రోగులకు రక్తనాళం ద్వారా ఇచ్చిన తొలి దశ ప్రయోగం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. జ్వరం, చలి, నీరసం వంటి ఫ్లూ లక్షణాలు సాధారణంగా కనిపించాయి. ఇవి మొదటి మోతాదుతోనే ఎక్కువగా వచ్చాయి. తక్కువ మోతాదుతో ప్రారంభించి క్రమంగా పెంచినపుడు రోగులు పది రెట్లు అధిక మోతాదును తట్టుకోగలిగారు. కొద్దిమందిలో కణితులు తగ్గాయి. ఈ దశ ప్రయోగాల ముఖ్యోద్దేశం మందు భద్రతను, మోతాదును తెలుసుకోవడం మాత్రమే. వ్యాధి నయమయ్యే శాతాన్ని వీటి నుండి అంచనా వేయరాదు.

ఇజ్రాయెల్‌లో హెచ్‌యూజే అనే లెంటోజెనిక్ రకాన్ని గ్లయోబ్లాస్టోమా అనే తీవ్రమైన మెదడు క్యాన్సర్ తిరగబెట్టిన రోగులకు ఇచ్చారు. 2006లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో 11 మంది చికిత్స పొందగా, ఒకరిలో కణితి పూర్తిగా కనుమరుగైంది. అయితే ఆ ఫలితం స్థిరంగా నిలువలేదు. హంగరీలో చతారి బృందం ఎంటీహెచ్-68 అనే రకాన్ని మెదడు క్యాన్సర్ రోగులకు ఇచ్చి కొందరిలో ఆశాజనకమైన ఫలితాలను నివేదించింది. ఇవి కొద్దిమంది రోగుల వివరాలే గాని, పోలిక వర్గంతో జరిపిన పెద్ద ప్రయోగాలు కావు.

2014లో వెలువడిన ఎలుకల ప్రయోగం పరిశోధనల దిశను మార్చింది. ఎలుకకు రెండు వైపులా కణితులు కల్పించి, ఒక కణితిలోకి మాత్రమే లసోటా రకం వైరస్‌ను ఎక్కించారు. రోగనిరోధక వ్యవస్థపై ఉండే సహజమైన అడ్డును తొలగించే సీటీఎల్‌ఏ-4 వ్యతిరేక ప్రతిరక్షకాన్ని దానితో కలిపి ఇచ్చారు. వైరస్ ఎక్కించని రెండవ వైపు కణితి కూడా అనేక ఎలుకలలో తగ్గింది. కణితిలో తాను పెద్దగా వ్యాపించలేని లెంటోజెనిక్ రకం కూడా రోగనిరోధక వ్యవస్థను మేల్కొలపడానికి సరిపోతుందని దీనివలన తెలిసింది. కోళ్లకు ప్రమాదం తక్కువైన రకాలతో చికిత్స సాధ్యమనే ఆశకు ఇది బలమిచ్చింది.

ఇప్పటివరకు వివిధ దేశాలలో అనుమతి పొందిన కణితి నాశక వైరస్ మందులు మానవ వైరస్‌ల నుండి తయారైనవే. చైనాలో 2005లో ఒక అడినో వైరస్, అమెరికాలో 2015లో, జపాన్‌లో 2021లో హెర్పిస్ వైరస్‌లు ఇలా అనుమతి పొందాయి. కొక్కెర తెగులు వైరస్ ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నది.

చికిత్సకు గల అవరోధాలు

రక్తంలోకి ఎక్కించిన వైరస్‌లో అధిక భాగం కణితిని చేరకముందే నశిస్తుంది. మొదటి మోతాదు తరువాత కొద్ది వారాలలో రోగి శరీరంలో ప్రతిరక్షకాలు తయారై తదుపరి మోతాదులను నిర్వీర్యం చేస్తాయి. కణితి లోపల గట్టిపడిన పీచు కణజాలం వైరస్ వ్యాప్తిని అడ్డుకుంటుంది. అన్ని క్యాన్సర్‌లలో ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ ఒకే స్థాయిలో దెబ్బతిని ఉండదు. అందువలన ఒకే మందు రోగులందరికీ పనిచేయదు.

తయారీ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఈ వైరస్‌ను పిండం గల కోడిగుడ్లలో పెంచుతారు. మానవులకు ఇచ్చే మందులో గుడ్డు ప్రోటీన్‌లు, ఇతర సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేయాలి. నిర్దిష్ట వ్యాధికారకాలు లేని మందల నుండి సేకరించిన గుడ్లనే ఇందుకు వాడాలి.

కోళ్ల పరిశ్రమ దృష్ట్యా తీసుకోవలసిన జాగ్రత్తలు

చికిత్స పొందిన రోగి మూత్రంలోను, లాలాజలంలోను కొంతకాలం వైరస్ వెలువడవచ్చు. నగరంలోని ఆసుపత్రిలో ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ రోగి తిరిగి వెళ్లే ఇంటి పెరటిలో నాటుకోళ్లు ఉండవచ్చు, పక్కనే లక్ష కోళ్ల ఫారం ఉండవచ్చు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఈ అంశం ఎంతో ముఖ్యమైనది. తీవ్రమైన రకాలను అమెరికా ప్రభుత్వం ప్రత్యేక నియంత్రణ గల వ్యాధికారకాల జాబితాలో చేర్చడానికి కారణం కూడా కోళ్ల పరిశ్రమ రక్షణే.

ఒక వైరస్ హానిలేనిదని తొందరపడి నిర్ణయించడం ఎంత ప్రమాదమో సెనెకా వ్యాలీ వైరస్ ఉదాహరణ తెలుపుతుంది. 2002లో ప్రయోగశాలలో కనుగొన్న ఈ పందుల వైరస్ ఏ జంతువుకూ వ్యాధి కలిగించదని భావించి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై మానవ ప్రయోగాలు జరిపారు. ఆశించిన ప్రయోజనం కనబడలేదు. తరువాతి సంవత్సరాలలో బ్రెజిల్, అమెరికా తదితర దేశాలలో ఇదే జాతి వైరస్ పందులలో గాలికుంటు వ్యాధిని పోలిన బొబ్బలు కలిగిస్తున్నట్లు తేలింది. చికిత్సకు వాడిన వైరస్ వలన ఆ వ్యాధి వచ్చిందని దీని అర్థం కాదు. పశువులలో ఒక వైరస్ ప్రవర్తన కాలక్రమంలో మారవచ్చునని మాత్రమే ఇందులోని పాఠం.

జన్యుమార్పిడి ద్వారా ఈ సమస్యకు పరిష్కారం వెతుకుతున్నారు. కొక్కెర తెగులు వైరస్ జన్యువులను కోరిన విధంగా మార్చే పద్ధతి 1999లో అందుబాటులోకి వచ్చింది. హిచ్‌నర్ బి-1 రకంలో ఎఫ్ ప్రోటీన్ తెగే స్థానాన్ని మార్చినపుడు క్యాన్సర్ కణాలలో వ్యాప్తి పెరిగింది. కానీ ఆ మార్పు తీవ్రమైన రకాల లక్షణమే. మరొక బృందం దీనికి భిన్నమైన మార్గం అనుసరించి, 73-టి రకంలో ఆ స్థానాన్ని మార్చడంతో పాటు రెండు జన్యువుల మధ్య అదనపు భాగాన్ని చేర్చింది. ఇలా చేసిన వైరస్‌కు కోళ్లలో తీవ్రత తగ్గగా, క్యాన్సర్ కణాలపై శక్తి నిలిచి ఉన్నది. ఈ రెండవ మార్గం కోళ్ల పెంపకం విస్తారంగా ఉన్న దేశాలకు అనుకూలమైనది.

మన దేశంలో భారత పశువైద్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆర్2బి టీకా రకానికి కణితి నాశక గుణాలు ఉన్నట్లు ఎలుకలలో పరిశీలించారు. దశాబ్దాలుగా మన మందలలో వాడుతున్న రకం కనుక దాని స్వభావం పశువైద్యులకు బాగా తెలుసు. అయితే అది మీసోజెనిక్ రకం అన్న విషయాన్ని మరువరాదు.

ఈ నేపథ్యంలో క్రింది జాగ్రత్తలు అవసరం.

1. మానవ ప్రయోగాలకు అనుమతి ఇచ్చే ముందు, ఎంచుకున్న రకాన్ని కోడిపిల్లలలోను, పిండం గల గుడ్లలోను పరీక్షించి తీవ్రతను నిర్ధారించాలి.

2. కోళ్లలో పదేపదే పెంచినపుడు ఆ రకం తిరిగి తీవ్రరూపం దాల్చుతుందేమో పరిశీలించాలి.

3. చికిత్స పొందినవారు వైరస్ వెలువడటం ఆగే వరకు కోళ్లకు, పెంపుడు పక్షులకు దూరంగా ఉండాలి. ఆసుపత్రి వ్యర్థాలను శుద్ధి చేసిన తరువాతే బయటకు పంపాలి.

4. చికిత్సా కేంద్రాల పరిసరాలలోని మందలకు టీకాలు సకాలంలో వేయించి, రక్తపరీక్షల ద్వారా రోగనిరోధక స్థాయిని గమనించాలి.

5. కోళ్లకు వేసే కొక్కెర తెగులు టీకాను క్యాన్సర్‌కు మందుగా ఎవరూ వాడరాదు. ఆ టీకా మానవులకు ఇవ్వదగిన స్థాయిలో శుద్ధి చేసినది కాదు. దానిలోని వైరస్ మోతాదు కూడా చికిత్సకు నిర్ణయించినది కాదు. క్యాన్సర్ రోగులు అనుమతి పొందిన చికిత్సను ఆలస్యం చేయక, మానక కొనసాగించాలి. పశువైద్యులు, విస్తరణ సిబ్బంది ఈ విషయాన్ని రైతులకు స్పష్టంగా తెలియజేయాలి.

ముగింపు

కొక్కెర తెగులు వైరస్ క్యాన్సర్ కణాలలోని లోపాన్ని ఆధారం చేసుకొని వాటిని నాశనం చేయగలదు. మనుషులకు దీనివలన హాని తక్కువ అని తొలి దశ ప్రయోగాలు సూచించాయి. రోగనిరోధక చికిత్సతో కలిపినపుడు దీని ప్రయోజనం పెరగవచ్చునని జంతు ప్రయోగాలు తెలుపుతున్నాయి. రోగి ఆయుష్షు పెరుగుతుందని నిరూపించే పెద్ద ప్రయోగాలు ఇంకా జరగవలసి ఉన్నది. ఆ ప్రయోగాలకు వైరస్ రకాన్ని ఎంచుకొనే దశలోనే పశువైద్య విశ్వవిద్యాలయాలు, క్యాన్సర్ ఆసుపత్రులు కలిసి పనిచేయాలి. కణితిపై శక్తిని కొలిచే పరీక్షతో పాటు కోడిపిల్లపై తీవ్రతను కొలిచే పరీక్ష కూడా సమాన ప్రాధాన్యం పొందినపుడే ఈ చికిత్స రోగికి, రైతుకు ఇద్దరికీ ఆమోదయోగ్యమవుతుంది.